బోర్డు లేని హోటల్, నల్ల కవర్

పర్లాకిమిడి నుంచి కొండల వైపు వెళ్లే రోడ్డులో బండి మీద అరగంట పోతే ఎడమచేతి వైపు ఒక పెద్ద చింతచెట్టు, దాని వెనక రేకుల కప్పు కనిపిస్తాయి. అదే హోటల్. బోర్డు లేదు. పేరు అడిగితే లారీ వాళ్లు చింతచెట్టు హోటల్ అంటారు. మా ఆఫీసులో మాత్రం ‘ఆ హోటల్’ అంటారు. ‘ఆ’ అనేటప్పుడు గొంతు కాస్త తగ్గుతుంది.

ఎందుకు తగ్గుతుందో లోపల గోడకి వేలాడదీసిన పలక చూస్తే తెలుస్తుంది. పైన ఒడియా, కింద తెలుగు. కోడి, నాటు కోడి, చేప, బాతు, కౌజు పిట్ట, పంది. వానాకాలంలో చివర ఇంకో గీత చేరుతుంది: ‘నట్టలు 60’. మొదటిసారి చూసినవాళ్లు పక్కన మెకానిక్ షెడ్డు కూడా ఉందేమో అనుకుంటారు. నత్తలన్నమాట. పలక రాసేది హోటల్ వాళ్ల కూతురు, ఒడియా మీడియంలో తొమ్మిదో తరగతి. తెలుగు సినిమా పోస్టర్లు చూసి అక్షరాలు నేర్చుకుందట. దిద్దుతాను, సుద్దముక్క ఇవ్వమంటే ఇవ్వలేదు. “ఉండనీ మౌసీ, తెలుగు వాళ్లు నవ్వి ఆర్డర్ ఇస్తారు” అంది. వ్యాపారం తెలిసిన పిల్ల.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ మార్కులు వేయడానికి ఈవిడెవరు అంటారు. నేను పుట్టింది పాతపట్నంలో, మెట్టింది పర్లాకిమిడిలో. మధ్యలో మహేంద్రతనయ నది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పుట్టిల్లు గీతకి అటు, అత్తిల్లు ఇటు అయిపోయాయి కానీ చుట్టరికాలూ కూర గిన్నెలూ ఇప్పటికీ నది దాటుతూనే ఉన్నాయి. ఆరోగ్య శాఖలో కింది స్థాయి ఉద్యోగం. టీకాల పెట్టె భుజాన వేసుకుని ఇరవై రెండేళ్లుగా ఈ కొండ ఊళ్లు తిరుగుతున్నాను. ఈ హోటల్లో రెండేళ్లలో ఆరేడు సార్లు తిన్నాను. ముందే చెప్పేస్తున్నాను: వంటకి నూటికి ఎనభై, పిట్టకి నలభై, చేతులు కడుక్కునే చోటుకి సున్నా.

మొదటిసారి తీసుకెళ్లింది మా మేనల్లుడు. తీసుకెళ్లింది నేనే, పట్టుబట్టింది వాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వేసవి సెలవులకి వచ్చాడు. “అత్తా, మీ ఒడిశాలో చీమల పచ్చడి ఫేమస్ అట కదా, తినిపించవా” అని వచ్చిన రోజు నుంచీ ఒకటే గొడవ. 2024 జనవరిలో సిమిలిపాల్ కాయి చట్నీకి (కాయి అంటే ఎర్రచీమ) జీఐ, అంటే ఫలానా ప్రాంతానిదే అన్న గుర్తింపు వచ్చింది, అది ఫోన్‌లో చూశాడు. “అది మయూర్‌భంజ్‌రా, ఒడిశాకి ఆ చివర, మనం ఈ చివర” అంటే వినడే. చీమ అక్కడా చీమే, ఇక్కడా చీమే కదా అన్నాడు. ఆ ముక్క నిజమే. మామిడి, సాలు చెట్ల ఆకులు కలిపి కుట్టి గూడు కట్టే ఎర్రచీమలే అవి. మన తోటల్లోనూ ఉంటాయి. కాయలు కోయడానికి చెట్టెక్కినవాడి మెడ మీద పడతాయి, వాడు మామిడికాయలు వదిలేసి దూకుతాడు.

పచ్చడి పలక మీద ఉండదు. ఎవరైనా కొండ మీద నుంచి గూడు కోసుకొచ్చి ఇచ్చిన రోజే ఉంటుంది. మా అదృష్టం, ఆ రోజు ఉంది. అడ్డాకు దొప్పలో చెంచాడు, ముప్పై రూపాయలు. పచ్చిమిరప, వెల్లుల్లి, అల్లం, ఉప్పు వేసి రాతి మీద నూరింది. చూపుకి మన గోంగూర పచ్చడి ఎండిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది, అక్కడక్కడా తెల్లటి గుడ్ల ముక్కలు. వాడు ముందు నాలుగు ఫొటోలు తీశాడు, తర్వాత కళ్లు మూసుకున్నాడు, తర్వాత అన్నంలో కలుపుకున్నాడు. నేను ఫొటో తీయలేదు కాబట్టి ముందు నేనే తిన్నాను. పులుపు. చింతపండు పులుపు కాదు, మామిడి పులుపు కాదు. నిమ్మకాయ తొక్క గిల్లితే ముక్కుకి తగిలే ఘాటు ఉంటుంది చూడండి, ఆ ఘాటు నాలుకకి తగిలితే అలా ఉంటుంది. చీమ కుట్టినప్పుడు చురుక్కుమనిపించే ఆమ్లమే ఆ పులుపు. వేడి ముతకన్నంలో కంటే చద్దన్నంలో బాగుంటుందని నా అభిప్రాయం. చద్దన్నాన్ని ఒడియా వాళ్లు పఖాళ అంటారు, దాంతో అడగండి, ఇస్తారు.

వాడు ఆ ఫొటో స్టేటస్‌లో పెట్టాడు. ఇరవై నిమిషాల్లో విశాఖపట్నం నుంచి మా వదిన ఫోన్.

“ఏటి పెట్టేవు మా వాడికి? చీమలా? మనుషులు తినేదేనా అది?”

వదినది భీమవరం. రొయ్యల వేపుడు ఆవిడ చేస్తే వీధి చివరికి వాసన వస్తుంది. నేను అడిగాను: “వదినా, చీమకి ఎన్ని కాళ్లు?”

“ఎన్నైతే ఏం?”

“ఆరు. రొయ్యకి నడిచే కాళ్లే పది. పైన మీసాలు, లోపల నల్లటి నరం. ఆ నరం తీసేటప్పుడు నీకు అసహ్యం వేయదా?”

“రొయ్యా చీమా ఒకటేనా! రొయ్య నీళ్లలో ఉంటుంది” అంది, అదేదో స్నానం చేసి వచ్చినట్టు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. పీత గురించి ఎత్తుదామనుకున్నాను గానీ వదినా ఆడపడుచుల గొడవ అంతవరకూ లాగడం మంచిది కాదు.

అసలు మనం ఏం తినం అని ఎవరైనా లెక్కపెట్టారా? మేక తలకాయ తింటాం, మెదడు గుడ్డుతో పొరటుతాం, పేగులు తిరగేసి కడిగి బోటీ వండుతాం, కాళ్లు కాల్చి పాయ చేస్తాం, రక్తం గడ్డకట్టించి ఉల్లిపాయలతో వేయిస్తాం. ఇవన్నీ చేసిన చేత్తోనే నత్త పేరు వింటే ముక్కు మూసుకుంటాం. జంతువు బట్టి కాదు, అది ఏ ఇంట్లో ఉడుకుతుందన్న దాన్ని బట్టి మనకి వాంతి వస్తుంది. ఇది నేను ఈ హోటల్లో కూర్చుని గమనించిన సంగతి. ఎలా గమనించానో చెబుతాను.

ఈ హోటల్లో ఒక ఫ్యామిలీ రూమ్ ఉంది. పేరుకే ఫ్యామిలీ. ఆకుపచ్చ తెర, లోపల నాలుగు బల్లలు. నేను వెళ్లిన ఏ రోజూ అందులో ఫ్యామిలీని చూడలేదు. పర్లాకిమిడి, పాతపట్నం నుంచి వచ్చిన మగవాళ్లు, మెడలో తువ్వాలు, తెర లాగేసుకుని పంది కూర తింటుంటారు. బయట బల్లల దగ్గర లారీ వాళ్లు, ఈ కొండల గిరిజనులైన సవర కుర్రాళ్లు, ఒకసారి మా జిల్లాలోనే ఉన్న చంద్రగిరి టిబెటన్ క్యాంపు నుంచి వచ్చిన ఇద్దరు ముసలాయనలు. వాళ్లెవరూ తెర అడగరు. వండేది సవర ఆవిడ, గల్లాపెట్టె దగ్గర ఆయన. నేను ఆవిడని నానీ అంటాను, ఆవిడ నన్ను నానీ అంటుంది. ఇక్కడి ఒడియాలో అక్క అని. ఎవరు పెద్దో ఇద్దరం తేల్చుకోలేదు.

సవర భాషకి నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఉద్యోగం చేసింది పర్లాకిమిడిలోనే. సవరలని ఇంట్లో ఉంచుకుని వాళ్ల మాట నేర్చుకున్న మనిషి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు స్టేజీ ఎక్కి ఆయన గురించి గంటసేపు మాట్లాడే ఒక పెద్దమనిషిని నేను ఇక్కడ ఆ ఆకుపచ్చ తెర వెనక చూశాను. నన్ను చూసి గుర్తుపట్టనట్టు గోడ వైపు తిరిగాడు. సరే, నేనూ గుర్తుపట్టనట్టే ఉన్నాను. ఆయన తింటున్న కూర మాత్రం బాగుంటుంది, అందులో అనుమానం లేదు.

పంది కూర గురించి వివరంగా చెప్పాలి, ఇక్కడ తినాల్సింది అదే. కొండ ఊళ్ల నల్ల పంది. తోలు మీది వెంట్రుకలు గడ్డి మంటలో కాల్చి, గీకి, తోలుతో సహా ముక్కలు కొడతారు. నూనె చుక్క వేయరు. మట్టికుండలో దాని కొవ్వులోనే, పసుపు, ఉప్పు, ఎండుమిర్చి, దంచిన అల్లం వెల్లుల్లి, అంతే. కట్టెల పొయ్యి మీద మూడు గంటలు. తోలు పనస తొనలా మెత్తగా సాగుతుంది, కింద కొవ్వు కరిగిపోయి పొర మిగులుతుంది, దాని కింద కండ. వానాకాలంలో అయితే పులిసిన వెదురు కొమ్ములు వేస్తారు. ఆ వాసన అందరికీ పడదు, నాకు ఇష్టం. భోజనంతో కలిపి నూట ముప్పై. అన్నం ఎంతైనా పెడతారు, కూర రెండోసారి అడిగితే గల్లాపెట్టె ఆయన వేరే వైపు చూస్తాడు.

తినే ముందు వెనక్కి వెళ్లి పందుల దొడ్డి చూశాను. ఉద్యోగం అలవాటు. చుట్టూ రాళ్లు కట్టి, తవుడు, ఉడికించిన తొక్కలు పెట్టి పెంచుతున్నారు, ఊరి మీద వదలడం లేదు. పంది తింటే మెదడులో పురుగు వస్తుందా అని ప్రతి ఊళ్లో నన్ను అడుగుతారు. సగమే నిజం. సరిగా ఉడకని పంది మాంసంలో తిత్తులుంటే తిన్నవాడి పేగులో బద్దె పురుగు పెరుగుతుంది. ఆ మనిషి బయలుకి వెళ్తే పురుగు గుడ్లు మట్టిలో, నీళ్లలో, ఆకుకూరల మీద చేరతాయి. ఆ గుడ్లు ఎవరి నోట్లోకి పోతే వాళ్లకి తిత్తులు మెదడు దాకా వెళ్లి మూర్ఛలు తెప్పించవచ్చు. అంటే జన్మలో పంది ముట్టని మా అత్తగారికి కూడా, కడగని కొత్తిమీర కట్టతో రావచ్చు. మూడు గంటలు ఉడికిన కూర కంటే ఆ పక్కన పచ్చి ఉల్లిపాయ, కీరా ముక్కలు చూసి నాకు టెన్షన్. అవి నేను తినలేదు. మీరూ తినకండి.

ఒకరోజు నేను తింటుండగా కారులో నలుగురు దిగారు. తెలుగు వాళ్లే, బట్టలు చూస్తే కాంట్రాక్టర్లు. పలక వైపు చూడనే లేదు. ఒకాయన గల్లాపెట్టె దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి, “అడవిది ఏటైనా ఉందా? అడవి పంది గానీ, ఉడుము గానీ?” అన్నాడు. ఈయన తల కూడా ఎత్తలేదు. “పలక మీద ఉన్నదే బాబూ. అడవిది అమ్మితే ఫారెస్టోళ్లు నన్ను పట్టుకెళ్తారు.” వన్యప్రాణి చట్టం 1972 నుంచీ ఉంది. ఉడుముని పట్టినా అమ్మినా జైలే. ఊరపందైతే ఉంది, తింటారా అని అడిగితే ఆయన మొహం ఆముదం తాగినట్టు అయింది. “ఛీ, ఊరపందా!” అన్నాడు.

రెండూ పందే కదా. ఒకటి తిన్నానని పెళ్లిళ్లలో గొప్పగా చెప్పుకుంటారు, ఒకటి తిన్నానని పెళ్లానికి కూడా చెప్పరు. అడవి పంది వెనక తుపాకీ ఉంది, జమీందారు ఉన్నాడు, వేట ఉంది. ఊరపంది వెనక దాన్ని మేపుకునే కులం ఉంది. అంతకంటే తేడా నాకేం కనిపించలేదు. ఆ నలుగురూ చివరికి నాటు కోడి తిని వెళ్లారు. ఉప్పు ఎక్కువైందని గొడవ కూడా పెట్టారు. ఆ రోజు నిజంగానే ఎక్కువైంది.

నేనేదో అన్నీ తినేసే మనిషినని అనుకోకండి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, కోతలు అయిపోయిన రోజులు. ఒక సవర ఊళ్లో బాలింతని చూడడానికి వెళ్తే మధ్యాహ్నం అయింది. ఆ ఇంట్లో నాకు అన్నం పెట్టారు. పక్కన కాల్చిన మాంసం. ఏమిటని అడిగితే పొలం ఎలుక. పొలంలో బొరియలకి పొగబెట్టి పట్టి, మంటలో కాల్చి తింటారు, కోతల తర్వాత ధాన్యం తిని బలిసి ఉంటాయి. నాకు కడుపులో తిప్పింది. తలనొప్పి, ఆకలి లేదు అని అబద్ధం చెప్పి లేచిపోయాను. ఆవిడ ఏమీ అనలేదు. వారం తర్వాత మళ్లీ వెళ్తే నా కోసం విడిగా గుడ్డు ఉడకబెట్టి ఉంచింది. తినేశాను, ఎలుక తప్పింది కదా అని సంతోషంగానే తిన్నాను. బయటికి వచ్చాక గంపలో పొదుగుతున్న కోడి కనిపించింది. ఎన్ని గుడ్ల మీద కూర్చుందని మాటవరసకి అడిగితే, ఆ ఇంటి పిల్లాడు వేళ్లు చూపించి, “ఏడు. ఎనిమిదోది నువ్వు తిన్నావు” అన్నాడు.

ఎలుక ఇప్పటికీ తినలేదు. ఉద్యోగం కొద్దీ ఎలుక జ్వరం గురించి చెబుతుంటాను, ఒలిచేటప్పుడు చేతికి గాయం ఉండకూడదని, చేతులు సబ్బుతో కడుక్కోవాలని. తినొద్దని మాత్రం చెప్పను. ఈ హోటల్లో ఎలుక ఉండదు, అది ఇళ్లలోదే. నత్తలు తినడం మొదలుపెట్టింది కూడా ఆ ఎనిమిదో గుడ్డు తర్వాతే.

నత్తల మాటకొస్తే, ఈ జిల్లాలో ఎక్కడ తిన్నా ఇక్కడి అంత బాగుండవని గట్టిగా చెప్పగలను. ఒడియాలో గెండా అంటారు. మడుల్లో, చెరువుల్లో దొరికే నల్ల నత్తలు. నేను సెప్టెంబరులో మా తోటి ఉద్యోగితో వెళ్లాను, పొద్దున్నే వెళ్లడం వల్ల వంట మొత్తం చూశాను. నత్తల్ని ముందు రోజే బురద కక్కడానికి నీళ్లలో వేసి ఉంచారు. ఉప్పునీళ్లలో మరిగించాక మూత ఊడిపోతుంది. నానీ కూతురు పిన్నీసుతో ఒక్కొక్కటీ లాగి, తోక వైపు పేగు తెంపి పారేసి, కండ మాత్రం గిన్నెలో వేస్తోంది. నేను ఒకటి లాగేలోపు ఆ పిల్ల పది లాగింది. తర్వాత ఉప్పూ పసుపూ వేసి జిగురు పోయేదాకా పిసికి కడగడం, ఒకసారి కాదు నాలుగుసార్లు. అప్పుడు ఆవా వెల్లుల్లీ నూరిన ముద్ద, టమాటా, బీరకాయ ముక్కలు. కండ గట్టిగా, కోడి కందనకాయకి దగ్గరగా ఉంటుంది. ఆవఘాటు ముక్కులోకి ఎక్కుతుంది. అరవై రూపాయలకి ఆ చాకిరీ అంతా చేసి పెట్టడం నాకు గిట్టుబాటు అనిపించదు కానీ వాళ్లకి ఎలాగో గిట్టుతోంది.

రెండు జాగ్రత్తలు. నత్తని పచ్చిగానో సగం ఉడికించో తినకూడదు, మెదడు పొరలకి వాపు తెచ్చే పురుగు ఉండొచ్చు. మందు కొట్టిన మడిలోవి ఏరకూడదు. ఎక్కడివని అడిగితే పైన వాగులోవి అన్నారు, నమ్మాను. నాకు ఒక ముక్కలో ఇసుక తగిలింది, పన్ను గిర్రుమంది. నాలుగు కడుగుళ్లు చాలలేదన్నమాట. చెబితే నానీ నవ్వి, ఇంకో గరిటె వేసింది. ఇంకో గరిటెలో కూడా ఇసుక ఉంది.

కౌజు పిట్ట దండగ. ఫారంలో పెంచే జపాన్ కౌజు, అయిదారు వారాలకే కోతకి వస్తుంది, మొత్తం కలిపి పావుకిలో కూడా తూగదు. దాన్ని నూనెలో ఎంతసేపు వేయించాలో వీళ్లకి తెలియదు. మొదటిసారి ఎముకా కండా ఒకే గట్టిదనం. రెండోసారి కూర చేయమన్నాను, కోడి కూర పులుసులో వేయించిన పిట్టని ముంచి ఇచ్చారు. వంద రూపాయలు. కానీ గమనించండి, ఫ్యామిలీలతో వచ్చే తెలుగు వాళ్లు ధైర్యంగా బయట బల్ల మీద కూర్చుని తినే ‘వెరైటీ’ ఇదొక్కటే. పిట్ట కదా, చిన్న కోడి అనుకోవచ్చు. ఒడియా వాళ్లూ గుండురి అని ఇష్టంగా అడుగుతారు.

పిట్ట చిన్నదైతే పర్వాలేదు, పెద్దదైతే కాదు. మా చిన్నాన్న టెక్కలి దగ్గర ఈము పక్షులు పెంచాడు. అప్పట్లో ఆంధ్రాలో ఎక్కడ చూసినా ఈము ఫారాలే. జత కొను, గుడ్లు వస్తాయి, పిల్లలొస్తాయి, మళ్లీ జతలు అమ్ము. అందరూ జతలే కొన్నారు, కిలో మాంసం కొన్నవాడు లేడు. 2012 నాటికి మొత్తం కూలిపోయింది. మేత పెట్టలేక ఒకదాన్ని కోసి ఊళ్లో ఊరికే పంచుతానన్నాడు చిన్నాన్న. మాంసం ఎర్రగా బాగానే ఉంది. ఒక్కరూ గిన్నె పట్టుకు రాలేదు. “ఆ మెడ చూస్తే ఒంటె గుర్తొస్తోంది” అన్నారట. చిన్నాన్న కూడా తినలేదు. పెట్టుబడి పెట్టడానికి రాని అసహ్యం ప్లేటులోకి వచ్చేసరికి ఎక్కడి నుంచి వచ్చిందో.

దీనికి ఉల్టా కూడా ఉంది. గుంటూరు, ప్రకాశం వైపు గాడిద మాంసం తింటే ఆయాసం తగ్గుతుందని, నడుము గట్టిపడుతుందని కొంటారు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం గాడిద తినే జంతువుల జాబితాలోనే లేదు. మందు అనేసరికి మాత్రం ఎవరికీ ఛీ గుర్తురాదు. ఇక్కడ కూడా ఒకాయన గాడిద దొరుకుతుందా అని అడగడం విన్నాను. ఆయాసం ఉన్నవాళ్లు ఆసుపత్రికి రండి, ఇన్‌హేలర్ రాస్తారు.

ఎప్పుడు వెళ్లాలో చెప్పడం ముఖ్యం, ఇక్కడ అది పెద్ద లెక్క. గురువారం లక్ష్మీ పూజ, ఒడియా వాళ్లు రారు. శనివారం తెలుగు వాళ్లు రారు. సోమవారం శివుడు, ఇద్దరూ రారు, అందుకని సోమవారం హోటల్ సెలవు. ఇంక కార్తీకం. ఒడియా కార్తీకం పౌర్ణమి నుంచి పౌర్ణమికి, మనది దీపావళి అమావాస్య నుంచి అమావాస్యకి. నెలంతా తిన్నవాళ్లు కూడా చివరి ఐదు రోజులు పంచుక అని మానేస్తారు, ఆ ఐదు రోజులూ కొంగ కూడా చేప ముట్టదని వాళ్ల నమ్మకం. పౌర్ణమి వెళ్లిన మర్నాడు ఛాడఖాయి. ఆ రోజు ఒడిశా మొత్తం మాంసం కొట్ల ముందే ఉంటుంది. నాకు తెలుగు అత్తగారు, ఒడియా తోటికోడలు. ఇద్దరి కార్తీకాలూ కలిపి మా ఇంట్లో నెలన్నర నీచు ఉండదు. ఛాడఖాయి రోజు తోటికోడలు గిన్నె పట్టుకుని వాళ్ల పుట్టింటికి వెళ్లిపోతుంది, నేను కిటికీలోంచి వీధిలో వచ్చే వాసనలు చూస్తూ బీరకాయ తరుగుతాను. ఆ రోజు ఈ హోటల్ ముందు నుంచి ఉద్యోగం మీద వెళ్లాను, రోడ్డు దాకా జనం. బుద్ధున్నవాళ్లు ఆ రోజు వెళ్లకూడదు. రేటు కూడా ముప్పై రూపాయలు పెంచారని విన్నాను.

మిగతా ఫిర్యాదులు గబగబా చెప్పేస్తాను. చేతులు కడుక్కోవడానికి డ్రమ్ము, మగ్గు. సబ్బు అరిగిపోయి గులకరాయంత ఉంది, రెండేళ్లుగా అదే సబ్బేమోనని నా అనుమానం. ఆడవాళ్లకి బాత్రూమ్ లేదు. ఉంది కానీ తాళం ఉంటుంది, తాళంచెవి సంతకి వెళ్లిన మనిషి దగ్గర ఉంటుంది. పొగ కళ్లల్లోకి వస్తుంది. ఫోన్‌తో డబ్బులు కట్టే బొమ్మ అతికించారు గానీ సిగ్నల్ చింతచెట్టు అవతలే, నోట్లు తీసుకెళ్లండి. ఆడమనిషి ఒక్కతే వెళ్తే ఎవరూ వింతగా చూడరు. వింతగా చూసేవాళ్లు తెర వెనకే ఉంటారు కాబట్టి.

ఇంక పార్శిల్. కోడి అయితే తెల్ల కవర్లో, పంది అయితే నల్ల కవర్లో ఇస్తారు, రెండు ముళ్లు వేసి. సవర వాళ్లు, లారీ వాళ్లు మాత్రం అడ్డాకులో చుట్టించుకుని చేతిలో ఊపుకుంటూ పోతారు. ఎందుకీ తేడా అని గల్లాపెట్టె ఆయన్ని అడిగాను. “మీ తెలుగు వాళ్లే అడుగుతారు నానీ. బస్సులో పక్కనోడికి కనపడకూడదంట” అన్నాడు. నాకు నల్ల కవర్ వద్దు, నేను దొంగసొమ్ము తీసుకెళ్లడం లేదు అని చెప్పాను. తర్వాతి సారి ఇంటి నుంచి స్టీలు క్యారియర్ పట్టుకెళ్లాను. అడుగు గిన్నెలో పంది, పై గిన్నెలో నత్తలు సర్దించాను. డబ్బులిచ్చి, చిల్లర తీసుకుని ఇటు తిరిగేసరికి ఆయన ఆ క్యారియర్‌ని కూడా నల్ల కవర్లో పెట్టి రెండు ముళ్లు వేసేశాడు.